జ్వరం దిగిన రోజు

(ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఆగస్టు 29న జరిగిన తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

సభకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు సభలో డాక్టరు చేతికి మైకు ఇవ్వడం సాహసమే. నాకంటే ముందు మాస్టారు పద్యాలు చదివారు. నేనేమో ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ అంటాను. లేచి వెళ్లిపోవాలనుకునేవాళ్లు ఇప్పుడే వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. (నవ్వులు)

అయినా పంతులు గారికీ ఈ విషయానికీ సంబంధం ఉందండీ. ఆయన ఈ ఊళ్లో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకోవడానికి మన చుట్టూ ఉన్న ఈ కొండల్లో తిరిగారు. అక్కడ మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడారు, ఆ మందుకు ఆయన వినికిడి పోయింది. ఆ రోజుల్లో క్వినైన్ తప్ప ఇంకో దారి లేదు, వాడక తప్పలేదు. ఇప్పుడు మనకు దారులున్నాయి. అయినా జ్వరం చేసే చెడు కొంతయితే, తొందరపడి మనం వేయించుకునే సూది చేసే చెడు ఇంకొంత. ఇవాళ నేను చెప్పబోయేది డెంగ్యూ గురించి. అందులోనూ ముఖ్యంగా ఒక్క రోజు గురించి.

గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి... ఈ జిల్లాల్లో జ్వరం అంటే మలేరియా అనే లెక్క తాతల నాటిది. అందులో తప్పేం లేదు. మన్యంలో ఎక్కువగా వచ్చింది అదే. ఆశా కార్యకర్త వేలు గుచ్చి కిట్‌తో చూసేది, అక్కడికక్కడే మాత్రలు ఇచ్చేది. ఒడిశా ప్రభుత్వం దమన్ కార్యక్రమం పెట్టి కొండ గ్రామాలకు వెళ్లింది, మందు పూసిన దోమతెరలు పంచింది. మలేరియా బాగా తగ్గింది కూడా. ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆ అలవాటు మనల్ని ఒక చోట దెబ్బ తీస్తోంది. మలేరియా దోమ రాత్రి కుడుతుంది. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. పొద్దున్న పిల్లలు బడికి తయారయ్యే వేళ ఒకసారి, సాయంత్రం పొద్దుగూకే ముందు ఒకసారి, దాని జోరు ఎక్కువ. రాత్రి తెర కట్టుకుని పడుకున్నాం కదా, మాకెందుకొస్తుంది అని అడుగుతారు. మీరు మెలకువగా ఉన్నప్పుడే అది కుట్టి వెళ్లిపోయింది.

ఇంకో తేడా ఉంది. మలేరియా మాత్ర మలేరియా పురుగును చంపుతుంది. డెంగ్యూ వైరస్‌ను చంపే మందు ఇంతవరకు లేదు. యాంటీబయాటిక్ పనిచేయదు, స్టెరాయిడ్ పనిచేయదు. "మందు లేనప్పుడు ఆసుపత్రికి ఎందుకండీ?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. వైరస్ తన మానాన తాను వచ్చి పోతుంది. అది పోయే లోపల ఒంట్లో నీటి లెక్క తప్పకుండా చూసుకోవడమే డెంగ్యూ వైద్యం. ఆ లెక్క సరిగ్గా చూసుకుంటే ముదిరిన డెంగ్యూలో కూడా వందలో ఒకరికి మించి ప్రాణం పోదు. చూసుకోకపోతే ఆ అంకె చాలా పెరుగుతుంది.

సరే, జబ్బు ఎలా నడుస్తుందో చెప్తాను. వైరస్ ఉన్న దోమ కుట్టాక సాధారణంగా నాలుగు నుంచి పది రోజుల్లో జ్వరం వస్తుంది. చాలామందికి అసలు ఏమీ తెలియకుండానే పోతుంది, అది వేరే సంగతి. వచ్చినవాళ్లకు మాత్రం ఒక్కసారిగా 103, 104 డిగ్రీలు వస్తుంది. తల పగిలిపోయే నొప్పి, కనుగుడ్ల వెనక నొప్పి, కళ్లు తిప్పితే ఇంకా ఎక్కువ. నడుము, కాళ్లు, కీళ్లు విరిచేసినట్టు ఉంటాయి. వికారం, వాంతి. కొందరికి మొహం, మెడ ఎర్రబడతాయి. జలుబు, దగ్గు పెద్దగా ఉండవు. చంటిపిల్లలు ఇవేవీ చెప్పలేరు కాబట్టి చిరాకుగా ఏడుస్తుంటారు, పాలు తాగరు.

ఈ జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, ఎక్కువమందిలో నాలుగు, అయిదు, ఆరు రోజుల్లో దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అమ్మమ్మ దిష్టి తీస్తుంది. నాన్న పనికి వెళ్లిపోతాడు. "డాక్టరు గారూ, జ్వరం తగ్గిపోయింది, సెలైన్ తీసేయండి, ఇంటికి పోతాం" అంటారు. అసలు గండం మొదలయ్యేది అప్పుడే. జ్వరం దిగిన దగ్గర్నుంచి ఇరవై నాలుగు, నలభై ఎనిమిది గంటలు డెంగ్యూలో అన్నిటికంటే ప్రమాదమైన కాలం. జ్వరం 104 ఉన్న రోజున అంత భయం లేదు, 98 అయిన రోజున ఉంది. ఈ ఒక్కటి వినిపించడానికే మీ సభకు వచ్చాను.

ఎందుకలా? ఆ సమయంలో సన్నని రక్తనాళాల గోడలు వదులవుతాయి. కొత్త కుండలో నీళ్లు పోస్తే బయట చెమరుస్తుంది చూడండి, అలాగ రక్తంలోని నీటి భాగం నాళాల్లోంచి బయటికి ఊరిపోతుంది. పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన కొద్దీ గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, బీపీ నిలబడదు. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, మతి ఉంటుంది, కానీ చేతులు, కాళ్లు చల్లబడతాయి. దీన్నే మేం షాక్ అంటాం. డెంగ్యూలో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఈ ఊరడం వల్ల షాక్‌లోకి వెళ్లి చనిపోతారు. రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు తగ్గి, రక్తం కారిపోయి చనిపోతారని ఊరంతా అనుకుంటుంది. పెద్ద రక్తస్రావం కూడా చాలాసార్లు షాక్‌ను సకాలంలో పట్టుకోకపోవడం వల్ల వస్తుంది.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. మన దగ్గర డెంగ్యూ అంటే ఒక అంకె అయిపోయింది. "ఎంతున్నాయి?" "నలభై వేలు." "అయ్యబాబోయ్!" వాట్సాప్‌లో రిపోర్టు ఫోటో చుట్టాలందరికీ వెళ్తుంది. హైదరాబాదులో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి వెంటనే వైజాగ్ తీసుకెళ్లిపోండి అంటాడు. పొద్దున్న ఒక ల్యాబ్, సాయంత్రం ఇంకో ల్యాబ్. ఒక మిషనుకు, ఇంకో మిషనుకు పదివేల తేడా మామూలే. ఆ తేడా చూసి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, అందరికీ టెన్షన్.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. డెంగ్యూలో తగ్గుతాయి, జబ్బు దారి అది. గండం గడిచాక వాటంతట అవే పెరుగుతాయి. రక్తస్రావం లేని మనిషికి బయటి నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కించినంత మాత్రాన మేలు జరగదు. సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో 20 వేలకు, అంతకంటే కిందికి పడిపోయిన పెద్దవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. సగం మందికి ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. రక్తస్రావాన్ని ఆపడంలో ఎక్కించినవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు, పైగా దురద, దద్దుర్లు లాంటి ఇబ్బందులు వాళ్లలోనే ఎక్కువ. మన దేశపు మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేకపోతే పది వేల కిందికి పడినప్పుడే దాని గురించి ఆలోచించమంటాయి. అలాగని అంకె చూడొద్దని కాదు. గబగబా పడిపోతుంటే గండం దగ్గరకొస్తోందని తెలుస్తుంది. దానికి అంతవరకే విలువ.

రిపోర్టులో మీరు చూడాల్సిన ఇంకో గడి ఉంది. పీసీవీ అని గానీ, హెచ్‌సీటీ అని గానీ రాసి ఉంటుంది. అదే హెమటోక్రిట్. వంద పాళ్ల రక్తంలో ఎర్రకణాలు ఎన్ని పాళ్లో చెప్తుంది. నీరు ఊరిపోతే ఆ అంకె పెరుగుతుంది. మొదటి రోజుల్లో 36 ఉన్నది అయిదో రోజుకు 44 అయితే, అయిదో వంతుకు పైగా పెరిగినట్టు. అంటే లోపల ఊరిపోతోంది. ప్లేట్‌లెట్లు పడుతూ ఇది పైకి పోతుంటే ఇక ఆలోచించడానికేం లేదు, ఆసుపత్రి మంచం మీద ఉండాల్సిందే.

ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటుంది, అమ్మలు జాగ్రత్తగా వినండి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. కొండ గ్రామాల్లో సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు కూడా ఉంది. హిమోగ్లోబిన్ 9 ఉన్న అమ్మాయికి పీసీవీ మామూలు రోజుల్లోనే 27 దగ్గర ఉంటుంది. డెంగ్యూలో అది 34 అయిందనుకోండి. రిపోర్టులో 34 చూసి "పర్వాలేదు, ఆడవాళ్లకు ఇంచుమించు నార్మలే" అంటారు. ఆ అమ్మాయికి అది నాలుగో వంతు పెరగడం. ఒళ్లు ఎండిపోతోందన్నమాట. కాగితం మీద మాత్రం మొదటిసారిగా ఆమె ఆరోగ్యంగా కనిపిస్తుంది! అందుకే జ్వరం వచ్చిన మొదటి రెండు, మూడు రోజుల్లో చేయించిన రక్తపరీక్ష కాగితం బంగారం లాంటిది. దానితో పోల్చకపోతే అయిదో రోజు అంకె ఏమీ చెప్పదు.

ఆ కాగితమే మనవాళ్లు పారేస్తారు. మనది సరిహద్దు ఊరు. నాలుగడుగులేస్తే పాతపట్నం, ఆంధ్ర. మొదటి రోజు ఇక్కడ మందుల షాపులో మాత్రలు, రెండో రోజు కాశీనగర్‌లో తెలిసిన డాక్టరు, మూడో రోజు పాతపట్నంలో బావగారింట్లో, నాలుగో రోజు టెక్కలి, అయిదో రోజు శ్రీకాకుళం. లేదంటే ఇటు బరంపురం మెడికల్ కాలేజీ. ప్రతిచోటా మళ్లీ మొదటి నుంచి పరీక్షలు. ఒకచోట చీటీ ఒడియాలో, ఇంకోచోట ఇంగ్లీషులో. జ్వరం ఎప్పుడొచ్చిందమ్మా అంటే "మంగళవారమో, బుధవారమో" అంటారు. నాకు ఆ ఒక్క రోజు తేడా చాలా ఎక్కువ. నాలుగో రోజు మనిషిని ఒకలాగ చూస్తాం, ఆరో రోజు మనిషిని ఇంకోలాగ చూస్తాం. పైగా ఈ తిరుగుళ్లన్నీ సరిగ్గా జ్వరం దిగిన రోజునే జరుగుతాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయని ఆ రోజే ఆటోలో, బస్సులో, చుక్క నీరు తాగకుండా, సెలైన్ లేకుండా మూడు గంటలు ప్రయాణం చేయిస్తారు. ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది మీ ఇష్టం, నేను పేర్లు చెప్పను. వెళ్లాలనుకుంటే జ్వరం ఉండగానే వెళ్లండి. జ్వరం దిగాక కదపాల్సి వస్తే సెలైన్ పెట్టి, అంబులెన్సులో, బీపీ చూస్తూ తీసుకెళ్లాలి. జ్వరం మొదలైన తేదీ, వేళ ఒక కాగితం మీద రాసి రిపోర్టులతో కలిపి పిన్ను కొట్టండి. ఏ భాషలో రాసినా పర్వాలేదు, అంకెలు అందరికీ తెలుస్తాయి.

పరీక్షల గురించి కాస్త. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 యాంటిజెన్ పరీక్ష. అది వైరస్ ముక్కను పట్టుకుంటుంది. అయిదో రోజు తర్వాత ఐజీఎం, అంటే ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీ. రెండో రోజున ఐజీఎం చేయించి "నెగెటివ్, డెంగ్యూ లేదు" అని సంతోషపడితే ప్రయోజనం లేదు, అది అప్పటికి ఇంకా తయారై ఉండదు. ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినా లక్షణాలు ఉంటే డెంగ్యూ అనుకునే చూడాలి. షాపుల్లో కార్డు మీద చేసే ర్యాపిడ్ పరీక్షలను ప్రభుత్వం ఖాయమైన నిర్ధారణగా తీసుకోదు. ఎలైజా పద్ధతిలో చేసిందే లెక్క. ప్రభుత్వం గుర్తించిన సెంటినెల్ ఆసుపత్రుల్లో అది డబ్బు లేకుండా చేస్తారు. ఐజీఎం కిట్లు పుణెలోని వైరాలజీ సంస్థ నుంచి వస్తాయి.

ఇంకో సంగతి. జ్వరాలన్నిటినీ డెంగ్యూ ఖాతాలో వేయొద్దు. మలేరియా పరీక్ష ఇప్పటికీ తప్పనిసరి, రెండూ కలిసి రావచ్చు. స్క్రబ్ టైఫస్ అని, పొదల్లో ఉండే నల్లి పిల్ల కుట్టి వచ్చే జ్వరం ఒకటుంది. చంకలోనో, గజ్జలోనో కాలిన మచ్చలా నల్లటి పొక్కు ఉంటుంది. దానికీ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కానీ దానికి డాక్సీసైక్లిన్ అనే చవక మందు ఉంది, రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. పొలానికి, అడవికి వెళ్లేవాళ్లకు జ్వరం వస్తే ఒంటి మీద మచ్చ వెతికించుకోండి. చికున్‌గున్యా అయితే కీళ్లు పట్టేస్తాయి, నెలల తరబడి వదలవు. 2006లో తెలుగు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు వంగి నడిచాయి, మీలో చాలామందికి గుర్తుంటుంది. దాన్ని మోసేదీ ఇదే దోమ. టైఫాయిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన దగ్గర వైడాల్ పరీక్ష చేయించుకుని టైఫాయిడ్ లేదని తేలిన మనిషిని నేనింకా చూడలేదు. (నవ్వులు)

మరి ఇంట్లో ఏం చేయాలి? జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు 500 గానీ 650 గానీ, మాత్రకూ మాత్రకూ మధ్య ఆరు గంటలు ఉండాలి. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. జ్వరం పూర్తిగా పోవాలని మాత్ర మీద మాత్ర వేస్తే కాలేయం దెబ్బతింటుంది, డెంగ్యూలో అది ముందే వాచి ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దే వద్దు. ఒళ్లు నొప్పులకు పిరుదు మీద వేసే సూది ఎక్కువసార్లు డైక్లోఫెనాకే. అది కడుపులో రక్తస్రావం తెప్పించగలదు, మూత్రపిండాలను ఇబ్బంది పెడుతుంది. జ్వరం గబుక్కున దిగుతుంది కాబట్టి ఆ డాక్టరు చేయి మంచిదని పేరొస్తుంది. మన ఊరి డాక్టర్లు సభలో ఉంటే కోప్పడకండి. జనం సూది లేనిదే వెళ్లరని నాకూ తెలుసు. డెంగ్యూ కాదని తేలే దాకా ఆ సూది మాత్రం ఆపండి.

తాగించడమే అసలు మందు. ఓఆర్‌ఎస్, కొబ్బరి నీళ్లు, గంజి, ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, చోడి అంబలి, మీ ఇంట్లో ఏది తాగుతారో అది. ఒట్టి మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగితే ఉప్పు చాలదు. పెద్దవాళ్లు రోజుకు అయిదారు పెద్ద గ్లాసులకు తగ్గకుండా తాగాలి. వాంతి అవుతుంటే చెంచాతో, అయిదు నిమిషాలకోసారి. ఎర్రటి, నల్లటి కూల్‌డ్రింకులు మానండి. తర్వాత వాంతి అయితే అది రక్తమో, డ్రింకో తెలియక అందరం గాభరా పడతాం. మూత్రం చూసుకోండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారైనా పోస్తుంటే నీరు సరిపోతున్నట్టే.

కివీ పండ్లు, మేక పాలు, డ్రాగన్ పండు... ఏటా ఈ రోజుల్లో వీటికి గిరాకీ. తినాలనిపిస్తే తినండి. ఒక్కో కివీ ధరకు మన కొబ్బరి బోండాం వస్తుంది, అది చేసే పని ఎక్కువ.

ఆసుపత్రిలో చేర్చుకునేది ఎవరిని? వీటిలో ఏ ఒక్కటున్నా సరే: కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో, ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, విపరీతమైన నీరసం లేదా కుదురు లేకపోవడం, ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఇవి లేకపోయినా గర్భిణులు, ఏడాది లోపు పిల్లలు, ముసలివాళ్లు, షుగరు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు ముందే వచ్చేయాలి.

అక్కడ మేం చేసేది పెద్ద మాయ కాదు. నార్మల్ సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ బరువు లెక్కన ఎక్కిస్తాం. కిలోకు గంటకు 5 నుంచి 7 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, మనిషి కుదుటపడిన కొద్దీ తగ్గిస్తూ వస్తాం. నాడి, బీపీ, మూత్రం, పీసీవీ మళ్లీ మళ్లీ చూస్తాం. బీపీలో పై అంకె ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. 100/80 ఉందనుకోండి, పై అంకె బాగానే ఉంది. రెండింటి మధ్య తేడా ఇరవైకి వచ్చేసింది చూశారా, అది షాక్. ఎక్కువ ఎక్కించినా ముప్పే. గండం గడిచాక బయటికి ఊరిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికీ సీసా మీద సీసా పెడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. "డబ్బు కడుతున్నాం, ఇంకో సీసా పెట్టండి" అని పోట్లాడకండి. ఆకలి వేయడం, మూత్రం ధారాళంగా రావడం, ఒంటి మీద ఎర్రటి దద్దులు లేచి దురద పుట్టడం... ఇవి కోలుకుంటున్న గుర్తులు. నీరసం మాత్రం కొన్ని వారాలు ఉంటుంది, పొలం పనికి తొందరపెట్టొద్దు.

దోమల గురించి మున్సిపాలిటీని తిట్టడం మనకు సరదా. మురికి కాలువలు బాగుచేయాల్సిందే, కానీ అందులో పుట్టే దోమ వేరు. డెంగ్యూ దోమ మంచినీళ్లలో, మనింట్లోనే పుడుతుంది. మూత లేని డ్రమ్ము, సిమెంటు తొట్టి, పెరట్లో వాడకుండా పడేసిన రుబ్బురోలు, కొబ్బరి చిప్ప, మేడ మీద పాత టైరు, ఫ్రిజ్ వెనక చిన్న పళ్లెం. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి ఖాళీ చేయమంటారు, ఆంధ్ర వైపు శుక్రవారం డ్రై డే అని పెట్టుకున్నది ఇందుకే. ఒంపితే సరిపోదండీ, లోపలి గోడ పీచుతో రుద్దాలి. గుడ్లు అంచుకు అతుక్కుని ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు పడగానే పొదుగుతాయి. పొగ మిషను ఎగిరే దోమను చంపుతుంది, తొట్టిలో పిల్లను ఏమీ చేయదు. ఈ దోమ దూరం కూడా పోదు, మహా అయితే నాలుగు వందల మీటర్లు. దూరం పోయేది మనమే. సూరత్ నుంచో, బెంగళూరు నుంచో పండక్కి రైలు దిగిన కుర్రాడి ఒంట్లో వైరస్ వస్తుంది, మన రుబ్బురోలులో పుట్టిన దోమ దాన్ని పక్కింటికి చేరుస్తుంది.

అందుకే జ్వరం ఉన్న అయిదారు రోజులు రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచండి. మలేరియాకు ఇచ్చిన తెర ఇంట్లో ఉంది కదా, దానికి ఇది రెండో పని. ఇంకో విన్నపం. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేరినప్పుడు ఆంధ్ర వైద్య కార్డు కోసం పాతపట్నం బావగారి చిరునామా ఇస్తారు. అక్కడి సిబ్బంది పాపం ఆ బావగారి వీధంతా మందు కొట్టి వెళ్తారు. దోమ ఇక్కడ మన వీధిలో హాయిగా ఉంటుంది. కార్డుకు ఏ చిరునామా ఇచ్చినా, పడుకున్న ఇల్లు ఏదో డాక్టరుకు చెప్పండి. ఇక్కడ మీ ఆశా కార్యకర్తకు కూడా చెప్పండి.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక మహిళ: బొప్పాయాకు రసం ఇవ్వొచ్చా డాక్టరు గారూ? మా పిల్లడికి ఇస్తే ప్లేట్‌లెట్లు పెరిగాయి.)

పెరిగే రోజుకు ఇచ్చి ఉంటారమ్మా. చిన్న చిన్న పరిశోధనల్లో అంకె కొంచెం తొందరగా పెరిగినట్టు కనిపించింది. నీరు ఊరిపోవడాన్ని ఆపుతుందని గానీ, ప్రాణం కాపాడుతుందని గానీ తేలలేదు. చేదుకు వాంతులైతే తాగించిన గంజి కూడా బయటికొస్తుంది. నేనైతే ఇవ్వను. మీరు ఇచ్చినా, అది తాగించాం కదా అని ఆసుపత్రికి రావడం మానొద్దు.

(ఒక ఉపాధ్యాయుడు: 2016లో మల్కన్‌గిరిలో అంతమంది పిల్లలు పోయారు. అది డెంగ్యూయేనా?)

కాదు మాస్టారూ. అది మెదడు వాపు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని చెప్పారు. అది వరిపొలాల నీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ వల్ల, పందుల నుంచి వస్తుంది. దానికి టీకా ఉంది, పిల్లలకు వేయించాలి. ఆ ఏడాది పోయినవాళ్లలో కొందరికి కారణం దోమ కాదనీ, చకుండా గింజల విషమనీ నిపుణుల బృందం చెప్పింది. మనం కసింద అంటామే, ఆ మొక్క. పిల్లలను ఆ కాయలు తిననివ్వకండి.

(ఒక యువకుడు: నాకు రెండేళ్ల కిందట డెంగ్యూ వచ్చింది. ఇంక రాదా? టీకా ఉందా?)

ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి బాబూ. వచ్చిన రకం మళ్లీ రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం వస్తే ముదిరే అవకాశం ఎక్కువ. పాత యాంటీబాడీలు కొత్త రకాన్ని చంపలేక, అది కణాల్లోకి దూరడానికి సాయం చేస్తాయి. ఈసారి జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పు. టీకా విషయానికొస్తే, మన దేశంలో తయారైనదాని మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది, పది వేల మందికి పైగా వాలంటీర్లతో. ఇంకా బజారులోకి రాలేదు. ఎవరైనా డెంగ్యూ టీకా అని డబ్బు తీసుకుని పొడిస్తే పొడిపించుకోకు.

(ఒక పెద్దావిడ: రాత్రిపూట జ్వరం దిగి చెమటలు పడతాయి బాబూ. అది మంచికో, చెడుకో మాకెలా తెలుస్తాది?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. చేతులు, పాదాలు పట్టుకుని చూడు. వెచ్చగా ఉండి, మనిషి ఆకలేస్తోందని అడుగుతూ, లేచి మూత్రానికి వెళ్లొస్తే అది మంచి చెమటే, పడుకోనీ. చేతులు, పాదాలు చల్లగా, జిగటగా ఉండి, కడుపు నొప్పి అంటున్నా, సాయంత్రం నుంచి మూత్రం పోయకపోయినా, పిలిస్తే విసుక్కుని అటు తిరిగి పడుకున్నా తెల్లారే దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయించు. బండి వచ్చేలోపు మింగగలిగితే చెంచాతో ఓఆర్‌ఎస్ పోస్తూ ఉండు, కాళ్ల కింద దిండు పెట్టు.